సొంత కారు వేగం గంటకు 7 కిలోమీటర్లే!
కోల్‌కతా రోడ్లు చెబుతున్న అసలు లెక్క

కోల్‌కతా: ట్రాము రెండవ తరగతి ఛార్జీని ఒక్క పైసా పెంచినందుకు 1953 జులైలో ఈ నగరం అట్టుడికిపోయింది. ప్రజలు వీధుల్లోకి వచ్చారు, ట్రాములు తగులబడ్డాయి. చివరకు పెంపును నిలిపివేయక ప్రభుత్వానికి తప్పలేదు. ప్రయాణ వ్యయాన్ని పైసలతో సహా లెక్కగట్టిన ఈ నగరంలో కూడా సొంత కారుకు నిజంగా ఎంత ఖర్చవుతోందో లెక్కవేసుకునే వారు అరుదు. పెట్రోలు బంకులో చెల్లించిన మొత్తమే ఖర్చని యజమానులు భావిస్తుంటారు. నిజానికి అది మొత్తం వ్యయంలో సగం కూడా కాదు.

కోల్‌కతా వైశాల్యంలో రోడ్ల వాటా సుమారు 6 శాతమే. ఢిల్లీలో ఇది 20 శాతం పైమాటే. ఒకవైపు హుగ్లీ నది, మరోవైపు చిత్తడి నేలలు ఉన్నందున కొత్త రోడ్లకు చోటు లేదు. ఉన్న ఇరుకు రోడ్లపైనే కార్ల సంఖ్య పెరుగుతూ వచ్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన టామ్‌టామ్ సంస్థ 2024 సంవత్సరానికి వెలువరించిన ట్రాఫిక్ సూచీ ప్రకారం కోల్‌కతాలో 10 కిలోమీటర్ల ప్రయాణానికి సగటున 34 నిమిషాల 33 సెకన్లు పట్టింది. ఆ ఏడాది దేశంలో అత్యంత నెమ్మదైన నగరం ఇదే. బెంగళూరు సైతం దీని తర్వాతే నిలిచింది. అంటే కారు వేగం గంటకు దాదాపు 17 కిలోమీటర్లు. సైకిలు ఓ మోస్తరుగా తొక్కినా 15 కిలోమీటర్లు వెళ్తుంది.

ఒక ఉద్యోగి లెక్క

నెలకు 50 వేల రూపాయల జీతం, 25 పనిదినాలు, రోజుకు 8 గంటల పని గల ఒక ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. అతని గంట శ్రమ విలువ 250 రూపాయలు. కార్యాలయం ఇంటికి 10 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే నెలకు 500 కిలోమీటర్ల ప్రయాణం. లీటరుకు 12 కిలోమీటర్ల చొప్పున, 2025 నాటి 105 రూపాయల ధరకు పెట్రోలు ఖర్చు సుమారు 4,400 రూపాయలు. 6 లక్షలకు కొన్న కారు పదేళ్ల తర్వాత లక్షన్నరకు అమ్ముడుపోతుందనుకుంటే తరుగుదల నెలకు 3,750 రూపాయలు. బీమా, మరమ్మతులు, టైర్లకు 2 వేలు, పార్కింగుకు 1,500 వేసుకున్నా మొత్తం 11,600 రూపాయలు దాటుతుంది. అప్పు మీద వడ్డీని, రోడ్డు పన్నును ఇందులో కలపనే లేదు.

ఆ సొమ్ము సంపాదించడానికి అతను 46 గంటలకు పైగా పనిచేయాలి. స్టీరింగు ముందు గడిపే కాలం మరో 29 గంటలు. వెరసి 500 కిలోమీటర్లకు 75 గంటలు. ఈ ప్రకారం కారు అసలు వేగం గంటకు 7 కిలోమీటర్ల లోపే. చురుగ్గా నడిచే మనిషి దీనికి ఎంతో వెనుకబడడు.

అదే ఉద్యోగి మెట్రో రైలెక్కితే? ఒక్కో ప్రయాణానికి 20 రూపాయల టిక్కెట్టు చొప్పున నెలకు వెయ్యి రూపాయలు, అంటే 4 గంటల శ్రమ. స్టేషను దాకా నడక, నిరీక్షణ, రైలు ప్రయాణం కలిపి 45 నిమిషాలు వేసుకుంటే నెలకు 37 గంటలన్నర. కారు కంటే దాదాపు 9 గంటలు అధికంగా దారిలోనే గడుస్తాయి. అయినా మొత్తం 42 గంటలు మించదు. వేగం గంటకు 12 కిలోమీటర్లు.

ఈ తరహా గణన కొత్తదేమీ కాదు. ఆస్ట్రియాలో జన్మించిన సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ 1970 దశకంలోనే అమెరికన్ల విషయంలో ఇటువంటి లెక్క కట్టాడు. ఒక సగటు అమెరికన్ 7,500 మైళ్ల ప్రయాణం కోసం ఏటా 1,600 గంటలు కారుకు ధారపోస్తున్నాడని, ఆ లెక్కన అతని వేగం గంటకు 5 మైళ్లయినా లేదని తేల్చాడు. వెడల్పాటి రహదారులున్న దేశంలోనే పరిస్థితి అదైతే ఇరుకు రోడ్ల నగరం సంగతి చెప్పనక్కర్లేదు.

అయితే కారు వల్ల ప్రయోజనం లేదనలేము. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చినపుడు, వృద్ధులైన తల్లిదండ్రులను తీసుకువెళ్లేటపుడు దాని విలువ రూపాయల్లో తేలదు. నలుగురు ఎక్కితే తలసరి ఖర్చు నాలుగో వంతుకు దిగుతుంది. భారమల్లా ఒక్క మనిషి ఒక్క కారులో రోజూ కార్యాలయానికి వెళ్లడంలోనే ఉంది. నిర్ణీత మార్గాల్లో నలుగురేసి ప్రయాణికులతో తిరిగే ఇక్కడి ఆటోలు ఈ సూత్రాన్ని ఏనాడో వంటబట్టించుకున్నాయి.

కనిపించే రాయితీ, కనిపించనిది

మెట్రో టిక్కెట్టు ధర కూడా అసలు ఖర్చును చెప్పదన్నది నిజం. దేశంలో తొలి మెట్రో ఇక్కడే 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్, భవానీపూర్‌ల మధ్య ప్రారంభమైంది. దానిని నడుపుతున్నది భారతీయ రైల్వే. టిక్కెట్ల రాబడి నిర్వహణ వ్యయానికి చాలదు. హుగ్లీ నది అడుగు నుంచి సాగే 16.6 కిలోమీటర్ల తూర్పు-పడమర మార్గం అంచనా వ్యయం 2020 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన సవరణ ప్రకారం 8,575 కోట్ల రూపాయలు. కిలోమీటరుకు 500 కోట్లకు పైనే. సొరంగం తవ్వకాల వల్ల 2019లో బౌబజార్‌లో ఇళ్లు కూలి అనేక కుటుంబాలు నిరాశ్రయమయ్యాయి. నదికింద రైలు 2024 మార్చిలో, మార్గం మొత్తం 2025 ఆగస్టులో అందుబాటులోకి వచ్చాయి.

ఈ రాయితీ బడ్జెట్ పత్రాల్లో కనిపిస్తుంది, దానిపై చర్చ జరుగుతుంది. కారుకు లభించే రాయితీ ఏ పత్రంలోనూ ఉండదు. ఫ్లైఓవర్లకు వెచ్చించే ప్రజాధనం, వీధి పక్కన కారు ఆక్రమించే ఖరీదైన స్థలం, ఇతరులు పీల్చే పొగ, వెనుక ఇరుక్కున్న బస్సులోని ప్రయాణికుల కాలం, వీటన్నింటినీ భరిస్తున్నది కారు లేనివారే. 2025 సెప్టెంబరులో చిన్న కార్లపై జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించినపుడు కూడా ధర ఎంత దిగిందన్నదే వార్త అయింది.

అయినప్పటికీ కోల్‌కతా పూర్తిగా కార్ల నగరం కాలేదు. ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం 2018లో 14 నగరాల ప్రయాణ కాలుష్యాన్ని పరిశీలించగా, ఆరు మహానగరాల్లో కోల్‌కతాయే మెరుగని తేలింది. పొట్టి దూరాలు, రైళ్లు, బస్సులు, పార్కింగుకు చోటు లేకపోవడం ఇందుకు కారణాలు. మొత్తం పట్టికలో భోపాల్ తర్వాతి వరుసలో విజయవాడ నిలవగా, హైదరాబాద్ ఢిల్లీతో పాటు అట్టడుగున ఉండటం తెలుగువారికి గమనార్హం.

విచిత్రమేమంటే, కోల్‌కతాను మెరుగ్గా నిలిపిన చౌక సాధనాలకే ఆంక్షలు ఎదురవుతున్నాయి. 2013 నాటికి 174 రోడ్లపై పోలీసులు సైకిళ్లను నిషేధించారు. తర్వాత ఆ సంఖ్య తగ్గినా నిషేధం పూర్తిగా తొలగలేదు. పాలు, కూరగాయలు, పత్రికలు చేరవేసే పేదలపైనే ఈ దెబ్బ పడింది. 1873లో గుర్రాలతో మొదలై 1902లో విద్యుత్తుకు మారిన ట్రాములను, మైదాన్-ఎస్ప్లనేడ్ మార్గం మినహా ఎత్తివేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ట్రాము నెమ్మదిగా నడుస్తుందని, ట్రాఫిక్‌కు అడ్డమని చెప్పిన కారణం. ట్రాము ప్రేమికులు దీనిని వ్యతిరేకించగా వివాదం కలకత్తా హైకోర్టుకు చేరింది. ఈలోగా పలు వీధుల్లో పట్టాలను తారుతో కప్పేశారు.