చిత్రహింసల నివారణకు అంతర్జాతీయ నిధులు

చిత్రహింస అనుభవించినవారిని ఆదుకోవడానికి ఒకటి, అసలు అది జరగకుండా చూడటానికి మరొకటి: ఐక్యరాజ్యసమితిలో ఇలా రెండు నిధులున్నాయి. రెండూ విరాళాల మీదే నడుస్తాయి.

మొదటిది, బాధితుల స్వచ్ఛంద నిధి, 1981లో ఏర్పడింది. ప్రభుత్వాలతో పాటు వ్యక్తులు కూడా దీనికి విరాళం ఇవ్వవచ్చు. బాధితులకు వైద్యం, మానసిక చికిత్స, న్యాయసహాయం అందించే సంస్థలకు ఈ నిధి గ్రాంట్లు ఇస్తుంది. ఒంటి మీది గాయాలు మానినా నిద్రపట్టనివ్వని భయం ఏళ్ల తరబడి వెంటాడుతుంది కాబట్టి ఈ ఆసరా ఎంతో అవసరం. అమెరికా కూడా 1998లో చేసిన చట్టంతో దేశంలోనూ బయటా చికిత్సా కేంద్రాలకు సాయపడుతూ వచ్చింది.

రెండోది, 2002 నాటి ఐచ్ఛిక ప్రోటోకాల్ కింద ఏర్పడిన ప్రత్యేక నిధి. ప్రోటోకాల్‌లో చేరిన దేశాల జైళ్లను, పోలీస్ స్టేషన్లను 25 మంది నిపుణుల ఉపసంఘం తనిఖీ చేసి సిఫార్సులు చేస్తుంది. వాటి అమలుకు ఈ నిధి సొమ్ము ఇస్తుంది. భారత్, అమెరికా రెండూ ఈ ప్రోటోకాల్‌లో చేరలేదు. చిత్రహింస వ్యతిరేక మూల ఒప్పందాన్ని అమెరికా 1994లో ధ్రువీకరించింది. భారత్ 1997లో సంతకం చేసినా ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింస నిరోధక బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది.

ఈ నిధుల ద్వారా కాకుండా నేరుగా, న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో నుంచి ఒక తెలుగు కుటుంబం స్వదేశంలోని హక్కుల సంస్థకు డబ్బు పంపాలనుకుంటే, పంపేవారి పౌరసత్వమే కీలకం. భారత పౌరులు సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపే సొమ్మును విదేశీ విరాళంగా లెక్కించరు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంస్థకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఐక్యరాజ్యసమితిని మాత్రం ఈ చట్టం విదేశీ దాతగా పరిగణించదు.

ఈ చట్టానికి చేసిన 2020 సవరణతో విదేశీ విరాళాలన్నీ ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి. అందుకున్న సంస్థ వాటిని మరో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థల ద్వారా సాయం పొందిన చిన్న సంఘాలకు దీంతో ఆ దారి మూసుకుపోయింది. అందువల్ల లాకప్ హింస బాధితుల పక్షాన నిలిచే ఊరి సంఘాలకు ఎక్కువగా స్థానిక చందాలే ఆధారం. నివారణ నిధి భారత్‌కు అందాలంటే మాత్రం ప్రభుత్వం ప్రోటోకాల్‌లో చేరి, జైళ్ల తలుపులు తనిఖీకి తెరవాలి.