కాయిల్ మార్చేముందు

విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యేదాకా పాత టర్బో పెట్రోల్ కారు బుద్ధిగానే నడుస్తుంది. ఎత్తు మొదలై, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త గట్టిగా పడేసరికి బండి దగ్గుతున్నట్టు తడబడుతుంది. పికప్ పోతుంది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. గ్యారేజీకి తెస్తే ‘మిస్సింగ్’ అంటారు, స్కానర్ పెడతారు, కాయిల్ పోయింది మార్చాలంటారు. ఆ మాట చాలాసార్లు నిజమే గానీ సగం నిజం. ఇన్నేళ్లు పనిచేసిన ఇగ్నిషన్ కాయిల్, లేదా దాన్ని నడిపించే మాడ్యూల్, ఇప్పుడెందుకు పోయిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అరిగిన ప్లగ్గో, తుప్పు పట్టిన ఎర్త్ వైరో, కారుతున్న ప్యాకింగో దాని మీద మోయలేని భారం వేసి ఉండవచ్చు. ఆ చవక వస్తువును అలాగే వదిలి ఖరీదైన మాడ్యూల్ ఒక్కటే మారిస్తే కొత్తదానికీ అదే గతి పడుతుంది. ఉప్పుగాలి వీచే ఈ ఊళ్లో అయితే మరీనూ.

కాయిల్ చేసే పని చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్ మొనల మధ్య నిప్పురవ్వ ఎగరాలంటే వేల వోల్టులు కావాలి. కాయిల్‌లో మందపు తీగ చుట్టలోకి కరెంటు పంపి, అది నిండగానే మాడ్యూల్‌లోని ట్రాన్సిస్టర్ టక్కున ఆపేస్తుంది. ఆ ఆపడంలోనే పక్కనున్న సన్నతీగ చుట్టలో పాతిక, ముప్ఫై వేల వోల్టుల దాకా పుట్టగలదు. ఎంత పుడుతుందన్నది కాయిల్ ఇష్టం కాదు, ఎదురుగా ఉన్న అడ్డంకిని బట్టి ఉంటుంది. రవ్వ దూకేదాకా వోల్టేజి పెరుగుతూనే పోతుంది. రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి మొనల మధ్య దూరంతోనూ, అక్కడి గాలి ఒత్తిడితోనూ పెరుగుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ 1889లోనే చూపించాడు. ఖాళీ బస్సులో వెనక తలుపు నుంచి ముందు తలుపుకు రావడం వేరు, సాయంత్రం కిక్కిరిసిన గాజువాక బస్సులో రావడం వేరు. టర్బో చేసేది అదే: సిలిండర్‌లోకి గాలిని కుక్కి కుక్కి పంపుతుంది. కాబట్టి ఊళ్లో నింపాదిగా తిరిగేటప్పుడు బయటపడని బలహీనత, బూస్ట్ వచ్చే ఘాట్ ఎక్కుడులో బయటపడుతుంది.

ఇక ప్లగ్గు సంగతి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో రెండు చుట్లకొకసారి ప్లగ్గు వెలగాలి. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో ప్లగ్గుకు 1,000 రవ్వలు. గంటకు 60 కిలోమీటర్ల సగటున 40,000 కిలోమీటర్లు తిరిగితే లెక్క 4 కోట్లకు తేలుతుంది. ప్రతి రవ్వా మొన నుంచి కంటికి కనపడనంత లోహాన్ని తినేస్తుంది. కొత్తలో 0.7, 0.8 మిల్లీమీటర్లున్న గ్యాప్ మెల్లగా ఒక మిల్లీమీటరు వైపు జరుగుతుంది. ఇంజిన్ ఆగదు, డ్రైవరుకు తేడా తెలియదు, ఆ లోటంతా కాయిల్ భర్తీ చేస్తూ ఉంటుంది. అలా ఏళ్ల తరబడి ఎక్కువ వోల్టేజి మోసిన కాయిల్ లోపలి ఇన్సులేషన్, అసలే సిలిండర్ హెడ్డు వేడికి రోజూ వ్యాకోచించి సంకోచించి అలసినది, ఎక్కడో సన్నగా చీలుతుంది. కరెంటుకు ప్లగ్గు మొనకన్నా ఆ చీలికే సులువైన దారి అవుతుంది. ఒకసారి అక్కడ నల్లటి కార్బన్ గీత పడిందంటే ఆ కాయిల్ పనైపోయినట్టే. అంటే నాలుగు వందల రూపాయల వస్తువును సమయానికి మార్చకపోవడం కొన్ని వేల రూపాయల వస్తువు మీదికి వస్తుంది.

విశాఖ గాలి దీనికి తన వంతు కలుపుతుంది. ఉక్కు తయారుచేసే ఊరికి ఉక్కును తినే గాలి దక్కడం ఒక విచిత్రం. బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా నివసించేవారికి గేట్లు, గ్రిల్స్ ఎంత త్వరగా తుప్పు పడతాయో చెప్పనక్కర్లేదు. బానెట్ కింద కూడా అదే గాలి. బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు వచ్చే ఎర్త్ పట్టీ బోల్టు దగ్గర తుప్పు పేరుకుంటే, కాయిల్‌లోకి నిండవలసిన కరెంటు పూర్తిగా నిండదు, రవ్వ నీరసిస్తుంది. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడితే అదే కథ. దీనికి తోడు పాత పట్నంలో కిటికీల మీద పేరుకునే ఓడరేవు బొగ్గుధూళిని వదిలించుకోవాలని వాటర్ సర్వీసింగ్‌లో బానెట్ ఎత్తి ఇంజిన్ మీద ప్రెషర్ పంపు కొట్టిస్తుంటారు. ఆ నీరు ప్లగ్గు గుంటల్లోకి దిగుతుంది, కాయిల్‌ను ప్లగ్గుకు కలిపే రబ్బరు బూటు చుట్టూ తేమ చేరుతుంది, రవ్వ లోపల దూకాల్సింది బయటే దూకుతుంది. ధూళి ఉంటే తడిగుడ్డతో తుడవండి, ఇంజిన్ మీద పంపు మాత్రం కొట్టించకండి. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కారి ఆయిల్ దిగినా ఆ బూటు మెత్తబడి చెడిపోతుంది.

కాబట్టి మార్చడానికి ముందు జరగాల్సిన పని ఒకటుంది, అది ఖరీదైనదీ కాదు. స్కానర్ పీ0302 అని చూపిస్తే రెండో సిలిండర్ మండటం లేదని అర్థం. ఎందుకు మండటం లేదో అది చెప్పదు. సిలిండర్‌కొక కాయిల్ ఉన్న ఇంజిన్‌లో రెండోదాన్ని మూడోదాంట్లోకి, మూడోదాన్ని రెండోదాంట్లోకి మార్చి బండి నడిపితే, కోడ్ పీ0303 అయితే దోషం కాయిల్‌దే. కోడ్ కదలకపోతే అదే పరీక్ష ప్లగ్గుతో, తర్వాత వైరింగు, ఇంజెక్టరు వైపు చూడాలి. ఎర్త్ సంగతి మల్టీమీటర్ చెబుతుంది. స్టార్టర్ తిప్పుతూ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య కొలిస్తే అర వోల్టు మించి చూపించకూడదు. స్వీడన్‌కు చెందిన సాబ్ కంపెనీ తన టర్బో కార్లలో నాలుగు కాయిల్స్‌నూ ఎలక్ట్రానిక్స్‌నూ కలిపి ఒకే క్యాసెట్‌లో పెట్టింది. అక్కడ ఈ తారుమారు పరీక్ష కుదరదు. ఒక కాయిల్ చెడినా మొత్తం క్యాసెట్ కొనాలి. ఆ కార్లవాళ్లు చాలామంది డిక్కీలో ఒక స్పేర్ క్యాసెట్ పెట్టుకు తిరగడం ఊరికే కాదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది: కొన్ని కాయిల్స్ పుట్టుకతోనే బలహీనమైనవి కదా, ప్లగ్గును ఎందుకు నిందించాలి? నిజం. 2003లో ఫోక్స్‌వ్యాగన్ అమెరికాలో లక్షల కార్లకు కాయిల్స్ ఉచితంగా మార్చి ఇవ్వవలసి వచ్చింది. వాటిలో 1.8 లీటర్ల టర్బో ఇంజిన్ కార్లూ ఉన్నాయి. మన దేశంలో 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో ఉన్నది ఆ కుటుంబపు 150 హార్స్‌పవర్ ఇంజినే. అయితే తయారీలోపం తొలి ఏళ్లలోనే తల ఎత్తుతుంది. ఇరవై ఏళ్లు నడిచిన ఆక్టేవియాలో గానీ, 2010 నాటి ఫియట్ లీనియా టీ-జెట్‌లో గానీ ఇప్పుడు కాయిల్ పోతే దాన్ని పుట్టుకలోపమనడం కష్టం. అది వయసు, వేడి, నిర్లక్ష్యం కలిసి చేసిన పని.

ఒకటి పోతే నాలుగూ మార్చేయాలనే వాదనకు కొంత బలముంది. నాలుగూ ఒకే వయసువి, ఒకే వేడి తిన్నవి. కానీ సముద్రపు ఒడ్డున ఎర్త్ బాగుచేయకుండా నాలుగు మార్చడం కంటే, ఎర్త్ బాగుచేసి, నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేసి, ఒక కాయిల్ మార్చడమే మేలు. మిగిలిన డబ్బుతో ఒక స్పేర్ కాయిల్ కొని డిక్కీలో వేసుకోవచ్చు. డూప్లికేట్ సరుకు మాత్రం వద్దు. మామూలు ఇంజిన్‌లో నడిచిపోయే నకిలీ కాయిల్ టర్బో ఒత్తిడి దగ్గర చేతులెత్తేస్తుంది, అప్పుడు మెకానిక్ లేని దోషం కోసం ఇంజెక్టర్లు విప్పడం మొదలుపెడతాడు.

అసలు మార్చడం పెద్ద పనేం కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. వేడి మీద ప్లగ్గు విప్పితే అల్యూమినియం హెడ్డులో మరలు పోతాయి. ప్లగ్గు గుంటను గాలితో ఊది తర్వాతే విప్పాలి, గ్యాప్ గేజీతో కొలవాలి, బిగింపు కంపెనీ చెప్పినంతే ఉండాలి. మాడ్యూల్ విడిగా ఉండే పాత మోడళ్లలో దాని అడుగున థర్మల్ పేస్ట్ పూయకపోతే ఆ వేడికే అది మళ్లీ పోతుంది. గంటలోపు పని.

కారు తిరుగుతోంది కదా, నెలాఖరుకు చూద్దామనేవారికి ఒక మాట. మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి కెటాలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఇంజిన్ దీపం నిలకడగా వెలగడం వేరు, ఆరుతూ వెలగడం వేరు. రెండోది కన్వర్టర్ చెడిపోతోందన్న హెచ్చరిక. ఒక కాయిల్ ధర దాని ముందు లెక్కలోది కాదు. మన ఆటోనగర్లలో దోషం వెతికిన గంటకు విడిగా డబ్బు అడిగితే చాలామందికి కష్టంగా ఉంటుంది, పార్టు మార్చిన బిల్లు మాత్రం మారుమాట లేకుండా కడతారు. అందుకే మెకానిక్ కూడా వెతకడం మాని మార్చడం నేర్చుకున్నాడు. మిస్సింగ్ అని బండి ఇచ్చేటప్పుడు చెకింగ్ చార్జీ వేరే ఇస్తానని ముందే చెప్పండి. బండి తీసుకునేటప్పుడు పాత కాయిల్, నాలుగు పాత ప్లగ్గులు అడిగి చేతిలోకి తీసుకోండి.