విరిగిన ఎముకను అతికించేదెవరు?

పిల్లవాడు చెట్టు మీదనుంచి పడి చెయ్యి విరిగిందంటే, కర్నూలు, కడప ప్రాంతాల పెద్దలకు ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. వెదురు బద్దలైనా, ఆస్పత్రిలో వేసే సిమెంటు కట్టయినా చేసే పని ఒకటే: ఎముకను కదలకుండా పట్టి ఉంచడం. అతికించేది మాత్రం మన శరీరమే!

తల్లి గర్భంలో చాలా ఎముకలు మొదట మృదులాస్థిగా ఏర్పడి, తర్వాత గట్టిపడతాయి. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే ప్రోటీన్లను ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లంటారు. వాటిలో సాక్స్-9 మృదులాస్థిని, రంక్స్-2 ఎముకను తయారు చేయిస్తాయి. రంక్స్-2 లేని ఎలుక పిల్లల్లో ఎముక గట్టిపడనే లేదని 1997లో తేలింది. ఎముక విరిగిన చోట మళ్లీ ఇవే పనిలోకి దిగుతాయి. రెండు మూడు వారాల్లో మెత్తని అతుకు పడి, క్రమంగా గట్టి ఎముకగా మారుతుంది.

అయితే ఆ కణాలకు రక్తం అందాలి. కట్టు మరీ బిగిస్తే కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోయి, చెయ్యే తీసేయవలసి రావచ్చు. కట్టు తర్వాత వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతూనే ఉన్నా వెంటనే వదులు చేసి ఆస్పత్రికి తీసుకువెళ్లండి. తెల్లారేదాకా ఆగకండి. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికొస్తే నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి. ఎక్స్‌రే ముందు, కట్టు తర్వాత. పెద్దవాళ్లయితే బీడీ, సిగరెట్టు మానాలి. పొగ వల్ల అతుకు ఆలస్యమవుతుంది.