ఆయుధధారణకు అధికారి యెవరు?



మన పూర్వులు ఏ శాస్త్రమునైనను ఆరంభించునపుడు నాలుగు సంగతులను ముందుగా చెప్పుట యాచారము. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యనునవి యా నాలుగు. వీనిలో అధికారి నిర్ణయము మిక్కిలి ముఖ్యమైనది. విద్య యొకటియే యైనను, అది చేరిన చేతిని బట్టి ఫలము వేఱగును. గ్రంథపఠనమునకే అర్హత విచారింపవలసి యుండగా, వ్రేలి కదలిక మాత్రమున ప్రాణము తీయగల తుపాకి విషయమున విచారింపకుండుట యెట్లు? నేటి మన దేశపు చట్టము ఆయుధధారణకు ఎవరిని అధికారిగా నెంచుచున్నదో కొంత వివరించెదను.

భారతమున సౌప్తికపర్వకథ మీ రెఱిగినదే. ద్రోణుడు బ్రహ్మశిరోనామకాస్త్రమును అర్జునునకు ప్రీతితో నొసగెను. తన కుమారుడగు అశ్వత్థామకు మాత్రము, వాని చాపల్యము నెఱిగినవాడై, మనసొప్పకయే యొసగి, ఆపత్తునందును మనుష్యులపై ప్రయోగింపవలదని శాసించెను. తుదకు ఇరువురును ప్రయోగించిన పిమ్మట మహర్షులు వచ్చి ఉపసంహరింపుడనగా అర్జునుడు ఉపసంహరించెను. అశ్వత్థామకు అది శక్యము కాలేదు. ప్రయోగించుట నేర్చినవాడెల్ల అధికారి కాడు. నిగ్రహము గలవాడే అధికారి. చట్టములోని నియమములన్నియు ఈ యొక్క సూత్రమునకు వ్యాఖ్యానములుగా గ్రహింపవచ్చును.

ఆంగ్లేయ ప్రభుత్వము 1878వ సంవత్సరమున ఆయుధముల చట్టమును చేసి, అనుమతి లేక భారతీయుడు తుపాకి యుంచుకొనరాదని శాసించెను. తొలినాళ్ల నియమములలో ఐరోపీయులకు మాత్రము మినహాయింపు కలదు. ఈ పక్షపాతము దేశీయుల మనస్సులను మిక్కిలి నొప్పించెను. కావుననే 1931వ సంవత్సరపు కరాచీ కాంగ్రెసు తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధధారణము చేయు హక్కును పౌరహక్కులలో చేర్చిరి. కాని రాజ్యాంగమున అది ప్రాథమికహక్కుగా రాలేదు. పందొమ్మిదవ యధికరణము శాంతియుతముగను, ఆయుధములు లేకయు సమావేశమగు హక్కునే యిచ్చినది. పిదప వచ్చిన 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులో నున్నది. జాతిభేదము పోయినది, అనుమతి నియమము నిలిచినది.

ఇక ననధికారులను చెప్పెదను. ఇరువదియొక్క సంవత్సరములు నిండనివాడు మొదటివాడు. పర్యవేక్షణలో గురి యభ్యాసము చేయు యువకులకు మాత్రము వేఱు నియమము కలదు. దౌర్జన్యముతోగాని నీతిబాహ్యతతోగాని కూడిన నేరమునకు కారాగారశిక్ష పొందినవాడు, శిక్ష ముగిసిన పిమ్మట అయిదు సంవత్సరముల వఱకు రెండవవాడు. శాంతిభంగము చేయనని న్యాయాధికారి యెదుట పూచీకత్తు వ్రాయవలసివచ్చినవాడు, ఆ గడువు తీరువఱకు మూడవవాడు. మతిస్థిమితము లేనివానికిని అనుమతి నిరాకరింపబడును. ఎవని చేతికి ఆయుధము వచ్చినచో ప్రజల శాంతిభద్రతలకు హాని కలుగునని తోచునో వానికిని నిరాకరింపవచ్చును.

ఇచ్చట నొక సంగతి గమనింపదగియున్నది. ఆస్తి చాలదను ఒక్క కారణముచేత ఎవరికిని అనుమతి నిరాకరింపరాదని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. తుపాకి ధనవంతుని గౌరవచిహ్నమని తలచువారు ఈ వాక్యమును జ్ఞాపకముంచుకొనవలెను.

దోషములు లేనంతమాత్రమున చాలదు, ప్రయోజనమును చూపవలెను. పంటచేలను కాపాడుకొనుటకు మందుకూరి కాల్చు నాటుతుపాకి, ఆత్మరక్షణకు ఇరువది అంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టము గల తుపాకి, గురి సాధన సంఘ సభ్యుల యభ్యాసమునకు తుపాకి, వీనియెడ చట్టము కొంత సుముఖముగా నున్నది. పిస్తోలు, రివాల్వరు వంటి చిన్న యాయుధములకు మాత్రము తగిన కారణము కలదని అధికారికి తృప్తి కలుగవలెను. ప్రాణభయమున్నదని వట్టిమాటగా వ్రాసిన చాలదు. పంటకై యనుమతి పొందిన రైతు సైతము, 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేఱుగా నున్నదని మఱవరాదు. తుపాకికి వచ్చిన యనుమతి వేటకు వచ్చిన యనుమతి కాదు.

దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేటునకు, పోలీసు కమిషనరేటు గల నగరములలో కమిషనరునకు చేసికొనవలెను. సమీపపు పోలీసు ఠాణానుండి దరఖాస్తుదారుని నడవడిని గూర్చి నివేదిక తెప్పింపబడును. 2016వ సంవత్సరపు నియమముల ప్రకారము ఆయుధమును జాగ్రత్తగా వాడుటయందు శిక్షణ పొందవలెను. ఇంట భద్రముగా దాచెదనని మాట యీయవలెను. నిరాకరించినచో కారణములను అధికారి వ్రాసియుంచవలెను. ప్రజాహితమునకు విరుద్ధము కానంతవఱకు అడిగినవానికి వానిని తెలుపవలెను. పైయధికారికి అప్పీలు చేసికొను మార్గము కూడ కలదు. 2019వ సంవత్సరపు సవరణచే అనుమతి గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగినది. ఒక్కరు ఉంచుకొనదగిన తుపాకులు మూడింటినుండి రెండింటికి తగ్గినవి.

అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో పిస్తోలును దుస్తులచాటున ధరించి తిరుగుటకు ప్రత్యేకమైన యనుమతిపత్రము కలదు. మన దేశమున అట్టిది వేఱుగా లేదు. కొనుటకును, ఉంచుకొనుటకును, వెంట గొనిపోవుటకును అనుమతి యొక్కటియే. బహిరంగస్థలమున గొనిపోవునపుడు ఒరలోనో సంచిలోనో పూర్తిగా కప్పబడియుండవలెను; తన స్వాధీనమునందే యుండవలెను. పదిమందికి చూపి బెదరించుట యపరాధము. పెండ్లిండ్లలోను ఊరేగింపులలోను ఉత్సాహముతో కాల్చి ప్రాణములకు ముప్పు తెచ్చువానికి రెండేండ్ల వఱకు ఖైదుగాని, లక్షరూపాయల వఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని 2019వ సంవత్సరమున చేర్చిరి. ఆకాశమునకు కాల్చితిమను సమాధానము చెల్లదు. పైకి పోయిన గుండు క్రిందికి రాక మానదు గదా!

కొడగుసీమలోని కొడవజాతివారికి, జమ్మా భూములు గలవారికి ఆంగ్లేయుల కాలమునుండి యీ యనుమతి నియమమునందు మినహాయింపు కలదు. 2019వ సంవత్సరమున అది 2029 వఱకు పొడిగింపబడినది. ఇట్టివి దేశాచారమును బట్టి వచ్చిన విశేషములే గాని సామాన్యసూత్రములు కావు.

కడపట గృహస్థులకు, ముఖ్యముగా స్త్రీలకు, ఒక్క మాట. ఇంటి యజమాని కాలము చేసినపుడు పొలము, నగలు, పాత్రలు వారసులకు వచ్చునట్లు తుపాకి రాదు. అనుమతి వ్యక్తిదే గాని వంశముది కాదు. పెట్టెలో తండ్రి తుపాకి యున్నది, మేము తాకనైన లేదు అని కుమారులు ఊరకుండినచో, అనుమతి లేని యాయుధమును కలిగియున్న దోషము వారిపై పడును. ఆ దోషమునకు తక్కువలో తక్కువ రెండేండ్లు, ఎక్కువలో ఎక్కువ అయిదేండ్లు శిక్ష యని 2019వ సంవత్సరపు సవరణము. కావున ఆలస్యము చేయక ఆ తుపాకిని, గుండ్లను సమీపపు ఠాణాలోగాని, అనుమతిగల వర్తకునియొద్దగాని అప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. వారసులలో అర్హుడైనవాడు తనపేర దరఖాస్తు చేసికొనవచ్చును. యజమాని జీవించియుండగనే, డెబ్బది యేండ్లు నిండినపుడుగాని, ఆయుధమును ఇరువదియైదేండ్లు కలిగియుండినపుడుగాని తనవారికి మార్పించుటకు అవకాశము కలదు. వృద్ధులు ఈ పనిని బ్రదికియుండగనే చక్కబెట్టుకొనుట కుటుంబమునకు మేలు.

ఆయుధము కోరువాడు దరఖాస్తు వ్రాయుటకు ముందు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. కోపము వచ్చినపుడు నా చేయి నా మాట వినునా? ఇంట పిల్లలకు అందనిచోట దీనిని దాచగలనా? ఈ ప్రశ్నలకు ఏ ఠాణాయు నివేదిక వ్రాయజాలదు. నిశ్చయముగా ఔనని చెప్పలేనివాడు, చట్టము ప్రకారము అర్హుడైనను, అనుమతి కోరకుండుటయే యుత్తమము.