నగరం పెద్దది, పని ఒక్కటే: వీడియో గేముల్లో పునరుక్తి

ఆటగాడు ఒక నగరమంతా తన ఇష్టప్రకారం తిరిగే వీలున్న వీడియో గేమ్‌ను ఓపెన్ వరల్డ్ గేమ్ అంటారు. అందులో అతనికి అప్పగించే ఒక్కొక్క పని ఒక మిషన్. నేరకథలతో తయారైన ఇలాంటి ఆటలు మొదట ఎంతో ఉత్సాహం కలిగించినా, కొన్ని గంటలకే విసుగు పుట్టించడం కద్దు. దీనికి కారణమేమిటో పరిశీలిద్దాం.

ఒక ఉదాహరణ

2016లో విడుదలైన ‘మాఫియా 3’ని తీసుకుందాం. ఇది పెద్దల కోసం తయారైన ఆట; ఐరోపాలో దీనికి 18 ఏళ్ల వయోపరిమితి ఉంది. కథ 1968లో, అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌ను పోలిన ఒక కల్పిత నగరంలో జరుగుతుంది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన లింకన్ క్లే, తనవారిని చంపిన ముఠాపై పగ తీర్చుకోవడం ఇతివృత్తం.

నగరంలోని ప్రతి పేటలోనూ అతడు చేసే పనుల వరుస దాదాపు ఒక్కటే. ముందు విషయం తెలిసినవారితో మాట్లాడాలి. తరువాత ముఠా సరుకును ధ్వంసం చేయాలి, దాని మనుషులను పడగొట్టాలి. నష్టం నిర్ణీత మొత్తానికి చేరగానే ఆ దందా నడిపేవాడు బయటికి వస్తాడు. వాణ్ణి చంపాలి, లేదా తనవైపు తిప్పుకోవాలి. ఆపై మరో పేట, మళ్లీ అదే వరుస. విమర్శకులు కథను మెచ్చుకుంటూనే ఈ పునరుక్తిని తప్పుపట్టారు.

కారణం ఏమిటి?

ప్రతి మిషన్‌నూ కొత్తగా రూపొందించాలంటే రచన, చిత్రాలు, సంభాషణలు, పరీక్షలు అన్నీ మళ్లీ మొదలుపెట్టాలి. ఒక అచ్చు తయారుచేసుకుంటే చోటు, పేరు మార్చి పెద్ద నగరాన్ని త్వరగా నింపవచ్చు. అయితే ఇందులో నష్టం విసుగు ఒక్కటే కాదు. కథ ‘ప్రాణం తీయడం ఘోరం’ అంటుంది. మిషన్ మాత్రం ప్రాణాన్ని లెక్క నింపే అంకెగా మారుస్తుంది. ఇదే అసలు లోపం.

కోల్‌కతాలో ఆలోచిద్దాం

దొంగిలించిన విగ్రహంతో పారిపోయేవాణ్ణి పట్టుకోవడం మన మిషన్ అనుకోండి. బడాబజార్ రద్దీలో కారు ఉపయోగపడదు. కూలీల మధ్య నడుస్తూ వెతకాలి. హుగ్లీ రేవులో పడవ కదిలేలోపు చేరుకోవాలి. మైదాన్‌లో దాక్కునే చోటు లేదు కాబట్టి దూరం పాటించాలి. పని ఒక్కటే అయినా ప్రతిచోటా నిర్ణయం మారింది. కనుక పునరావృతం దానంతట అది దోషం కాదు. కొత్త నిర్ణయం, కొత్త ఫలితం లేకపోవడమే దోషం. అదే నగరంలోని కుమార్‌టులి శిల్పులను చూడండి. ఏటా వెదురు, గడ్డితో అదే పద్ధతిలో చట్రం కట్టి మట్టి మెత్తుతారు. అయినా భంగిమలో, ముఖంలో, అలంకారంలో విగ్రహానికీ విగ్రహానికీ తేడా కనిపిస్తుంది.

కోల్‌కతా కళాకారిణి లీనా కేజ్రీవాల్ చొరవతో 2016లో వచ్చిన ‘మిస్సింగ్’ అనే మొబైల్ గేమ్ మరో మార్గం చూపింది. అందులో ఆటగాడు నేరస్థుడు కాడు. అక్రమ రవాణాకు గురైన బాలిక. ఆమె తప్పించుకునే దారి వెతకాలి. ప్రతి నిర్ణయంలోనూ ప్రమాదం ఉంటుంది. తిరగడానికి మహానగరమంతా లేకపోయినా ప్రతి అడుగుకూ బరువుంది.

‘మాఫియా’ తయారీదారులు కూడా 2025లో వచ్చిన ‘మాఫియా: ది ఓల్డ్ కంట్రీ’లో పేటల వరుసను వదిలి, సూటిగా సాగే కథకు మళ్లారు.

మీరు చేయవలసిన పని

మీ ఊరిలో మూడు చోట్లు ఎంచుకోండి. ఒకే మిషన్‌ను మూడింటికీ రాయండి. చోటు పేరు కొట్టివేసినా అది ఏ చోటో మీ మిత్రుడు గుర్తుపట్టగలిగితే మీ రచన ఫలించినట్లే. గుర్తుపట్టలేకపోతే మీరు రాసింది ఒక్క మిషనే, మూడు కాదు.