సోడా గ్యాస్ గొట్టం.. ఏమరుపాటు తగదు!
చవక పైపుతో ముప్పు * కొనే ముందు తెలుసుకోవాల్సినవివే

బహదూర్‌పురా: ఎండలు ముదిరాయంటే జూపార్కు పరిసరాల్లో నిమ్మసోడా బండ్ల వద్ద రద్దీ పెరుగుతుంది. పెళ్లి విందులోనైనా, ఇఫ్తార్ వేళలోనైనా చల్లని సోడా ఉంటే ఆ తృప్తే వేరు. దీనిని బయట కొనే బదులు ఇంట్లోనే తయారు చేసుకునే వీలుంది. ఒక స్టీలు పీపా, చిన్న గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్, రెండు మీటర్ల గొట్టం ఉంటే చాలు. వీటిలో అన్నింటికన్నా తక్కువ ధర పలికేది గొట్టమే. అందువల్లే దాని ఎంపికలో అశ్రద్ధ చూపుతుంటారు. ఆ అశ్రద్ధ ఒక్కోసారి ప్రాణాల మీదకు తెస్తుంది.

ఒత్తిడి ఎంత?
సోడాలో నురగలు పుట్టించేది బొగ్గుపులుసు వాయువు. ఇంగ్లండుకు చెందిన హిరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందిన గోలీసోడా సీసాలో గోలీని మూతికి అదిమి ఉంచేది ఈ వాయువు ఒత్తిడే. సిలిండర్‌లో ఇది ద్రవరూపంలో ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్దనే లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 830 పౌండ్లు. 31 డిగ్రీలకు చేరేసరికి అది వెయ్యి పౌండ్లు దాటుతుంది. హైదరాబాద్‌లో మే నెలలో 40 డిగ్రీల ఎండ సర్వసాధారణం. రేకుల కప్పు కింద వేడి మరింత ఎక్కువ.

ఈ ఒత్తిడిని తగ్గించి గొట్టంలోకి పంపేది రెగ్యులేటర్. ఫ్రిజ్‌లో బాగా చల్లబరచిన నీటికి 30 పౌండ్లు సరిపోతాయి. వెచ్చని నీరు గ్యాస్‌ను తక్కువగా పీల్చుకుంటుంది. 30 డిగ్రీల నీటిలో అదే ఘాటు రావాలంటే 80 పౌండ్ల వరకు పెట్టాల్సి వస్తుంది. కనుక నీటిని ముందుగా చల్లబరచుకుంటే రుచికి రుచి, గొట్టంపై భారమూ తక్కువ.

వంటగ్యాస్ గొట్టం వద్దు
ఇంట్లో మిగిలిన వంటగ్యాస్ గొట్టాన్ని సోడాకు వాడుకోవచ్చన్న ఆలోచన సరికాదు. ఐఎస్ 9573 ముద్ర ఉండే ఆ గొట్టం వంటగ్యాస్ కోసమే తయారైనది. పొయ్యికి వెళ్లే గ్యాస్ ఒత్తిడి 30 మిల్లీబార్లు మాత్రమే. సోడాకు పెట్టే 30 పౌండ్లు దానికి దాదాపు 70 రెట్లు. పైగా అది ఆహార పదార్థాలకు ఉద్దేశించిన రబ్బరు కాదు. వంటగ్యాస్ రెగ్యులేటర్‌ను సైతం ఇక్కడ వాడరాదు.

మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక పైపు, చేపల తొట్టెకు గాలి పంపే సన్నని గొట్టం అసలే పనికిరావు. ఒత్తిడికి ఉబ్బి పగిలిపోతాయి. మెత్తని సిలికాన్ గొట్టం గోడల గుండా ఈ వాయువు మెల్లగా బయటకు పోతుంది. అదీ తగదు.

ఏది కొనాలి?
రాణిగంజ్, అఫ్జల్‌గంజ్ దుకాణాల్లో గొట్టాలు మీటరు లెక్కన దొరుకుతాయి. కొనే ముందు ఈ అంశాలు పరిశీలించాలి.

* గోడలో దారపు అల్లిక ఉన్న పీవీసీ గొట్టం గానీ, గ్యాస్ ఒత్తిడికి తయారైన పాలీయురేథేన్ గొట్టం గానీ ఎంచుకోవాలి.
* గొట్టంపై పని ఒత్తిడి ముద్రించి ఉండాలి. కనీసం 200 పౌండ్లు, అంటే సుమారు 14 బార్లు ఉన్నది మేలు. పగిలే ఒత్తిడిని చూసి పని ఒత్తిడిగా పొరబడవద్దు.
* ముద్రించిన అంకె సాధారణంగా 20 డిగ్రీల ప్రాంతంలో కొలిచినది. 50 డిగ్రీల వేడిలో పీవీసీ గొట్టం సత్తువ సగానికి పడిపోవచ్చు.
* ఆహార, తాగునీటి అవసరాలకు తగిన పీవీసీకి ఐఎస్ 10151 ప్రమాణం ఉంది. దీని గురించి దుకాణదారును అడగాలి.
* పగుళ్లు, పసుపు రంగు, గట్టిదనం కనిపిస్తే ఆ గొట్టాన్ని తీసుకోవద్దు. ఇంట్లో ఉన్నదైతే వెంటనే మార్చాలి.

బిగించడంలోనూ మెలకువ అవసరం
గొట్టం కొసలను ఇనుప తీగతో చుట్టడం ప్రమాదకరం. సరైన కొలత గల స్టీలు క్లిప్పులతోనే బిగించాలి. ఆపై సబ్బు నురుగు రాసి చూడాలి. బుడగలు వస్తే లీకు ఉన్నట్టే. నిప్పుతో పరీక్షించడం దండగ. ఈ వాయువు మండదు.

పీపాలోని సోడా గొట్టంలోకి వెనక్కి రాకుండా నాన్‌రిటర్న్ వాల్వు అమర్చాలి. సోడాకు ఆమ్లగుణం ఉంటుంది. రాగి, ఇత్తడి భాగాలను అది కరిగిస్తుంది. అలా రాగి చేరిన సోడా తాగితే కడుపునొప్పి, వాంతులు పట్టుకుంటాయి. సోడా తగిలే చోట స్టెయిన్‌లెస్ స్టీలే శ్రేయస్కరం.

రెగ్యులేటర్ చెడిపోయి సిలిండర్ ఒత్తిడి నేరుగా వస్తే ఎంత మంచి ప్లాస్టిక్ గొట్టమైనా తట్టుకోలేదు. అందుచేత సేఫ్టీ వాల్వు ఉన్న రెగ్యులేటర్‌నే కొనాలి. పీపాకూ సేఫ్టీ వాల్వు ఉండాలి. సిలిండర్‌ను నిలబెట్టి గోడకు గొలుసుతో కట్టాలి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి చేరుతుంది.

వాసన రాదు.. ప్రాణం తీస్తుంది
వంటగ్యాస్ లీకైతే వాసనతో పసిగడతాం. అందుకోసమే దానిలో ఘాటైన వాసన గల రసాయనాన్ని కలుపుతారు. బొగ్గుపులుసు వాయువుకు రంగు లేదు, వాసన లేదు. గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కావడంతో నేలను ఆనుకుని పేరుకుంటుంది. కింద పడుకున్న పిల్లలకే ముందుగా ముప్పు.

పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న మూసిన గదిలో రెండు కిలోల గ్యాస్ లీకైతే గాలిలో దాని వాటా దాదాపు 4 శాతానికి చేరుతుంది. మామూలు గాలిలో ఉండేది 0.04 శాతమే. 4 శాతం ప్రాణాపాయ స్థాయిగా నిపుణులు పరిగణిస్తారు. తలనొప్పి, ఆయాసం, మగత కనిపిస్తే వెంటనే ఆరుబయటకు వెళ్లాలి. పాతబస్తీలోని ఇరుకు ఇళ్లలో సిలిండర్‌ను పడకగదిలో ఉంచడం ఎంతమాత్రం మంచిది కాదు. గాలి ఆడే వరండాలో నీడపట్టున ఉంచడం ఉత్తమం. వాడకం పూర్తికాగానే సిలిండర్ వాల్వు కట్టేయాలి.

లోపల ఎవరైనా స్పృహ తప్పితే తొందరపడి గదిలోకి దూకరాదు. కాపాడబోయినవారూ అక్కడే కూలిపోయే ప్రమాదముంది. తలుపులు, కిటికీలు బయటి నుంచే తెరిచి 108కి ఫోన్ చేయాలి. గొట్టంపై మిగిల్చుకునే కొద్ది రూపాయలు ఇంటిల్లిపాది క్షేమం కన్నా ఎక్కువ కావని గుర్తించాలి.