పారవేసే తునకలలో పనిముట్లు

జీవకణాలలో ప్రోటీన్ల తయారీకి ఆధారమైన రైబోసోములను గూర్చి మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులు చదివియే ఉంటారు. కణ కేంద్రకంలో, మన ఉర్దూ సోదరుల మాటలో చెప్పాలంటే మర్కజాలో, కేంద్రకాంశమనే దట్టమైన భాగమున్నది. రైబోసోముల నిర్మాణం అక్కడే మొదలవుతుంది. ఆ పనికి తోడ్పడే స్నో ఆర్.ఎన్.ఏ.లు అనే చిన్న అణువులు ఎట్లు పుట్టి, ఎట్లు పరిపక్వత చెందుతాయో ఈ వ్యాసంలో వివరింపదలచాము.

ముందుగా వాటి పని. మానవుని రైబోసోమల్ ఆర్.ఎన్.ఏ.లో సుమారు 100 చోట్ల చక్కెర భాగానికి మిథైల్ సమూహం చేరుతుంది. దాదాపు అన్ని చోట్లే యూరిడిన్ సూడోయూరిడిన్‌గా మారుతుంది. ఈ మార్పు చేసే ఎంజైముకు ఎక్కడ మార్చవలెనో స్వయంగా తెలియదు. దర్జీ బట్టపై సుద్దతో గీసిన గీత కత్తెరకు దారి చూపినట్లు, స్నో ఆర్.ఎన్.ఏ. తనకు జతకూడే క్షారాలను పట్టుకొని ఆ చోటును చూపుతుంది. మిథైల్ పనికి దారి చూపేది సి/డి కుటుంబం; దాని ఎంజైము ఫిబ్రిలారిన్. సూడోయూరిడిన్ పనికి హెచ్/ఏసీఏ కుటుంబం. దాని ఎంజైము డిస్కెరిన్.

మానవునిలో ఈ అణువులలో అధికభాగానికి స్వంత జన్యువులు లేవు. అవి ఇతర జన్యువుల ఇంట్రాన్లలో దాగి ఉంటాయి. జన్యువు నుండి వెలువడిన పొడవైన ఆర్.ఎన్.ఏ.లో కొన్ని భాగాలు తొలగిపోయి, మిగిలినవి అతుక్కుంటాయని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌ల బృందాలు వేర్వేరుగా కనుగొన్నాయి. తొలగిపోయే భాగమే ఇంట్రాన్. అది ఉచ్చు ఆకారంలో విడివడుతుంది. ఒక ఎంజైము ఆ ఉచ్చును విప్పగానే ఒక కొనన ఎక్స్.ఆర్.ఎన్.2 అనే ఎంజైము, రెండవ కొనన ఎక్సోసోమ్ అనే ప్రోటీన్ల సముదాయం దానిని కొరుకుతూ వస్తాయి. మామూలు ఇంట్రాన్ త్వరలోనే నామరూపాలు లేకుండా పోతుంది.

మరి స్నో ఆర్.ఎన్.ఏ. ఎట్లు మిగులుతుంది? ఉచ్చు విప్పబడకముందే దానిపై ప్రోటీన్లు కూర్చోవడం మొదలవుతుంది. సి, డి అనే రెండు చిన్న వరుసలు దగ్గరకు చేరి ఆర్.ఎన్.ఏ.ను మోచేయివలె వంచుతాయి. ఆ వంపును 15.5కె అనే ప్రోటీను పట్టుకుంటుంది. నాప్56, నాప్58, ఫిబ్రిలారిన్ దానితో చేరుతాయి. కొరుకుతూ వచ్చిన ఎంజైములు ఈ కోటగోడ వద్ద ఆగిపోతాయి. అనగా కొలత పెట్టి కత్తిరించేవారెవరూ లేరు. కొరుకుడుపడక మిగిలినదే పరిపక్వమైన అణువు! ఇంట్రాన్ చివరి కోతకు సుమారు 70 న్యూక్లియోటైడుల ముందు సి/డి అణువు ఉన్నప్పుడు ఈ ఏర్పాటు చక్కగా సాగుతుంది. హెచ్/ఏసీఏ అణువులపై మొదట నాఫ్1 అనే సహాయక ప్రోటీను ఉండి, పిదప గార్1కు చోటిచ్చి తప్పుకుంటుంది.

ఈస్ట్‌లో చాలవాటికి స్వంత జన్యువులే ఉన్నందున అక్కడి దారి వేరు. మానవునిలో కూడ యు3 వంటి కొన్ని ఇంట్రాన్లలో పుట్టవు.

1996లో జోన్ స్టైట్జ్ ప్రయోగశాలవారు వెల్లడించిన సంగతి మాకు అన్నిటికన్న విచిత్రమనిపించింది. యు.హెచ్.జి. అనే జన్యువులో, అతికి తయారైన ఆర్.ఎన్.ఏ. ఏ ప్రోటీనునూ ఇవ్వక త్వరగా నశిస్తుంది. నిలిచేవి ఇంట్రాన్లలోని స్నో ఆర్.ఎన్.ఏ.లే. గింజను పారబోసి పొట్టును గాదెలో దాచినట్లున్నది! ఇంట్రాన్లను 'పనికిరాని భాగాలు' అని చెప్పుకోవడం అంత సబబు కాదని మా అభిప్రాయం.

ఈ పరిపక్వత చెడితే ఫలితం చిన్నది కాదు. డిస్కెరటోసిస్ కంజెనిటా అనే వంశపారంపర్య వ్యాధిలో గోళ్లు పాడవుతాయి, చర్మం రంగు మారుతుంది, నోటిలో తెల్లని మచ్చలు లేస్తాయి. అన్నిటికన్న ప్రమాదకరం, ఎముకల మూలుగ రక్తకణాలను తయారుచేయలేక అలసిపోతుంది. దీని ఒక రూపానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోసోముపై ఉన్నదని, అది డిస్కెరిన్ జన్యువేనని 1998లో తేలింది. క్రోమోసోముల కొనలను కాపాడే టెలోమరేజ్‌లోని ఆర్.ఎన్.ఏ.కు కూడ హెచ్/ఏసీఏ భాగమున్నది; డిస్కెరిన్ అండ లేనిదే అది నిలవదు. పార్న్ అనే మరొక ఎంజైము జన్యువులోని లోపాలు కూడ ఇదే వ్యాధిని కలిగిస్తాయని 2015లో వెల్లడైంది. టెలోమరేజ్ ఆర్.ఎన్.ఏ. తోకన మిగిలిన అడినిన్ల వరుసను కత్తిరించి, దాని పరిపక్వతను పూర్తిచేయడం ఆ ఎంజైము పని.